పద్నాలుగు ఆకులు, రెండు పొయ్యిలు: ఇంట్లో తొలి విందు, ఒక కేసు

నెల్లూరులో చిన్న ఆర్డర్లకి వంట చేసి పంపడం నా పని. ఇరవై మంది నుంచి అరవై మంది దాకా చేస్తాను, అంతకు మించితే పెద్ద మేస్త్రుల దగ్గరికి వెళ్లమంటాను. నాలుగైదేళ్లుగా ఇంకో రకం వాళ్లు కూడా వస్తున్నారు. "వంట మేమే చేసుకుంటాం, ఎట్టా చేయాలో కూర్చుని చెప్పండి చాలు" అంటారు. ఎక్కువగా కొత్త కాపురాల వాళ్లు, మొదటిసారి ఇంటికి నలుగురిని భోజనానికి పిలిచేవాళ్లు. అలాంటి ఒక జంట సంగతి ఇది. వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను. ఉద్యోగాలు, ఇంటి గుర్తులు, కొన్ని చుట్టరికాలు మార్చాను. లెక్కలు మాత్రం ఉన్నవే. ఈ కేసునే ఎందుకు ఎంచుకున్నానంటే, నడుమ నా ప్లానే తిరగబడింది కాబట్టి.

నేపథ్యం

ఇద్దరూ ముప్ఫైకి అటూ ఇటూ ఉన్నవాళ్లు. ఇద్దరికీ ఉద్యోగాలు, మూడేళ్ల పాప. అద్దె ఇల్లు, రెండో అంతస్తు, లిఫ్టు లేదు. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు గుమ్మంలోంచి మాట్లాడాల్సిందే. రెండు బర్నర్ల స్టవ్వు, అందులో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. సింగిల్ డోర్ ఫ్రిజ్, 1.8 లీటర్ల రైస్ కుక్కర్, నలుగురు కూర్చునే డైనింగ్ టేబుల్. ఆమెది కృష్ణా జిల్లా, ఆయనది నెల్లూరు పక్క పల్లె. ఆయన ఆఫీసులో పెద్దవాళ్లు వీళ్లని నాలుగైదు సార్లు భోజనానికి పిలిచారు. తిరిగి పిలవకపోతే బాగుండదని ఒక శనివారం రాత్రి పన్నెండు మందిని పిలిచారు. నా దగ్గరికి వచ్చింది ఆ శనివారం అయిన పది రోజులకి.

ఆ రోజు ఏం జరిగిందో ఆమె మాటల్లోనే చెప్తే పొట్టిగా అయిపోతుంది: "ఏడున్నరకి రమ్మన్నాం అక్కా, పదింపావుకి వడ్డించాను. నేను పన్నెండింటికి సింకు దగ్గర నిలబడి పెరుగన్నం తిన్నాను." పదకొండు రకాలు పెట్టుకున్నారు. బిర్యానీ అడుగంటింది. అది చాలదన్నట్టు, వచ్చిన పన్నెండు మందిలో ఐదుగురు శనివారం నీసు ముట్టరు. ఎవరు శాకాహారులో ఆయన ముందే కనుక్కున్నాడు, కానీ శనివారం మానేసేవాళ్లు ఎవరో అడగలేదు. వెంకటేశ్వరస్వామి వారమని ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఎవరో ఒకరు గుర్తు చేసేవాళ్లు. ఆ ఐదుగురికీ అన్నంలోకి మిగిలింది గుత్తివంకాయ, రసం, పెరుగు. వెళ్తూ వెళ్తూ ఒకావిడ, మంచి మనసుతోనే కావచ్చు, "ఇంత కష్టపడకుండా బయటి నుంచి తెప్పించాల్సింది కదమ్మా" అందట. అడుగంటిన బిర్యానీ కంటే ఆ మాటే ఎక్కువ మాడింది.

ఆయన మళ్లీ పిలుద్దామన్నాడు, ఈసారి హోటల్ నుంచి తెప్పించి. ఆమెకి ఎవరినీ పిలవాలనే లేదు. పిలిస్తే మాత్రం తన చేత్తోనే వండాలని పట్టుదల. ఇద్దరూ అక్కడ ఆగిపోయి నా దగ్గరికి వచ్చారు.

నేను ఏం చూశాను

ఆమెకి వంట రాక ఇదంతా జరగలేదని పావుగంటలో అర్థమైంది. ఏ కూరకి ఉల్లిపాయ ఎంత వేగాలో నాకంటే బాగా చెప్పగలదు. అందుకే వంటల సంగతి వదిలేసి ఒకటే అడిగాను: "ఈ పదకొండులో ఒక్కొక్కదానికీ ఆఖరుసారి మంట ఎప్పుడు కావాలి?"

కాగితం మీద రాయించాను. ఏడున్నరకీ ఎనిమిదిన్నరకీ మధ్య మంట కావాల్సినవి ఏడు తేలాయి. బిర్యానీ దమ్ము 25 నిమిషాలు, చికెన్ వేపుడు 20, గారెలు 25, రొయ్యలు 10, అప్పడాలు 10, మటన్ వేడి చేయడానికి 10, రసం 10. మొత్తం 110 నిమిషాలు. రెండు పొయ్యిలకి గంటలో ఉన్నది 120 నిమిషాలు. చూశారా, లెక్క సరిపోతుంది! మొదటిసారి చేసేవాళ్లు మోసపోయేది ఇక్కడే. చిన్న బర్నర్ పెద్దదానితో సమానం కాదు. మూకుడు దించి ఇంకోటి ఎక్కించి నూనె కాగే వేళ ఈ లెక్కలో లేదు. పొయ్యిలు రెండైనా మనిషి ఒక్కతే. ఆ మనిషే తలుపు తీయాలి, కుశలం అడగాలి, పాపకి తినిపించాలి. బిర్యానీ గిన్నె చిన్న బర్నర్ మీద పట్టక, పెద్దదాని మీద పెట్టి గారెల దగ్గర నిలబడిపోయింది. మాడక ఏం చేస్తుంది?

అందుకని మెనూని రుచిని బట్టి కాకుండా, చివరి అరగంటలో మంట అడిగేవి ఎన్ని అన్నదాన్ని బట్టి కట్టాలని నిర్ణయించాను. ఒకటి, మహా అయితే రెండు.

మెనూ దగ్గర గొడవ

ముందు తీసేసింది బిర్యానీ. ఆమె ఒప్పుకోలేదు. "బిర్యానీ లేకుండా నీసు భోజనమని పిలిస్తే ఏమనుకుంటారు?" నిజమే, ఇప్పుడు ఏ ఫంక్షన్ చూసినా అదే. అదే నా వాదన కూడా: వారానికి రెండుసార్లు తినేది నీ ఇంట్లో కూడా తిన్నారనుకో, పక్క ఫంక్షన్‌తో పోలుస్తారు. నెల్లూరులో ఉంటూ చేపల పులుసు పెడితే పోల్చడానికి వాళ్ల అమ్మ తప్ప ఎవరూ ఉండరు. ఆయన నవ్వి, "అదింకా కష్టం కదండీ" అన్నాడు.

పులుసుని ఎంచుకున్నది ఊరి పేరు కోసం కాదు. ఉదయం చేసిన పులుసు రాత్రికి బాగుంటుంది. ముక్కకి ఉప్పూ పులుపూ పడతాయి, నూనె పైకి తేలుతుంది, మెంతుల చేదు తగ్గి వాసన మిగులుతుంది. అంటే మనం దాని జోలికి పోకపోయినా పని చేసిపెట్టే వంట అది. పైగా మే నెల, పుల్లటి మామిడికాయ దొరికే రోజులు. చేప కొర్రమీను అనుకున్నాం. ముళ్లు తక్కువ, కండ గట్టిది, రెండోసారి వేడి చేసినా విరగదు. రెండున్నర కిలోలు తీసుకుంటే తల, తోక, పొట్ట పోగా కిలో ఆరొందలు వస్తుంది, ఇరవై మూడు ముక్కలు.

ఒక్క విషయంలో పెద్దవాళ్ల మాట పక్కన పెట్టాను. "పులుసు రాత్రిదాకా బయట చట్టిలో ఉన్నా ఏం కాదు" అని ఆయన తల్లి ఫోన్‌లో చెప్పిందట. చింతపండు పులుపు కొంత కాపాడే మాట నిజమే. కానీ రోహిణి కార్తె ఎండలో, పిల్లలున్న బంతికి, నేను ఆ పందెం కాయను. వండిన నీసు మామూలుగా రెండు గంటలకి మించి బయట ఉండకూడదు, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. కాబట్టి చల్లారగానే ఫ్రిజ్‌లోకి. అలాంటప్పుడు మట్టి చట్టి పనికిరాదు. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా మంట మీద పెడితే పగిలిపోతుంది. వెడల్పాటి స్టీలు గిన్నెలో చేయమన్నాను. చట్టి లేకపోతే పులుసు అందం పోతుందని ఆమె బాధ. పోతుంది, కాదనను.

మిగతావి తొందరగానే తేలాయి. శాకాహారులకి గుత్తివంకాయ మధ్యాహ్నమే. దోసకాయ పప్పు సాయంత్రం ఐదింటికి. వడియాలు అప్పుడే వేయించి మూత గట్టిగా ఉన్న డబ్బాలో. రొయ్యల వేపుడొక్కటే చివరి నిమిషంది: మసాలా ముందే వేయించి పెట్టుకుంటే రొయ్య పడ్డాక ఆరేడు నిమిషాల పని. గారెలు వద్దన్నాను. గారె నూనెలోంచి తీసిన పది నిమిషాలే గారె, దాని కోసం ఒక మనిషి రాత్రంతా మూకుడుకి కాపలా. తీపి వండొద్దు, మన ఊరి మలై కాజా కొని తెచ్చుకోండి అన్నాను. దానికి మాత్రం ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు.

రోజు ఆదివారం.

నా ప్లాన్ తిరగబడిన రోజు

పెద్ద విందుకి రెండు వారాల ముందు, ఆమె అమ్మా నాన్న, అన్న, వదిన, వాళ్ల ఇద్దరు పిల్లలు, మొత్తం ఆరుగురితో ఒక ట్రయల్ పెట్టించాను. ఎన్ని గంటలకి ఏది పొయ్యెక్కాలో నిమిషాలతో సహా రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించమన్నాను. ఆ కాగితం చూసి నాకే ముచ్చటేసింది. మూడు చోట్ల దెబ్బ తింది.

ఎనిమిదీ ఐదుకి రొయ్యలు వేయమని రాశాను. ఆమె వేసింది. అన్న ఎనిమిదీ ఇరవైకి బయల్దేరి ఎనిమిదీ నలభైకి వచ్చాడు. అప్పటికి రొయ్యలు రబ్బరు ముక్కలు. నేను గడియారానికి ప్లాన్ రాశాను, వచ్చేది మనుషులు కదా. కేటరింగ్‌లో మేం డబ్బాల్లో సర్ది పంపేస్తాం, ఎవరు ఎప్పుడు తిన్నారో మాకు తెలియదు. ఆ అలవాటుతోనే ఇక్కడ బోల్తా పడ్డాను.

రెండోది కరెంటు. మూడో పొయ్యిగా ఉంటుందని ఇండక్షన్ స్టవ్వు అరువు తెచ్చుకోమన్నది నేనే. 2000 వాట్లది. రైస్ కుక్కర్ 700. రెండూ కలిపితే దాదాపు 12 ఆంపియర్లు. ఆ వంటగది లైనుకి ఉన్న ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) 10 ఆంపియర్లది. అన్నం సగం ఉడికాక టప్పుమని పడిపోయింది. పడిపోవడమే మంచిదయింది. ఆ ఇంట్లో స్టవ్వు పెట్టింది ఆరు ఆంపియర్ల చిన్న ప్లగ్గులో, అది కరిగి ఉంటే ఇంకా పెద్ద కథ అయ్యేది. ఒకరింట్లో సామాను వాడమనే ముందు ఆ ఇంటి ప్లగ్గు చూడాలని నాకు తట్టలేదు.

మూడోది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆమె ఆ రోజు కూడా అందరితో కూర్చుని తినలేదు. ఆయన మామగారి పక్కన కూర్చుని మాట్లాడుతున్నాడు. వడ్డన మధ్యలో ఆమె తల్లి తన ఆకు ముందు నుంచి లేచి, ఎడమ చేత్తో గరిటె పట్టుకుని పప్పు వేయడం మొదలుపెట్టింది. ఆయన్ని తప్పుపట్టాలంటే పట్టొచ్చు. కానీ నా కాగితంలో ఆయన పేరు ఎక్కడుంది? మెనూ రోజు ఇద్దరూ వచ్చారు, తర్వాతి మూడుసార్లు ఆమె ఒక్కతే వచ్చింది, నేనూ ఆమెతోనే మాట్లాడాను. వంటగది లెక్క ఆడవాళ్లదే అన్నట్టు రాసింది నేను.

మార్చినవి

ఈసారి ఇద్దరూ వస్తేనే కూర్చుంటానన్నాను. ఫీజు వద్దన్నాను, తప్పు నాది కాబట్టి.

గడియారం తీసేసి సంఘటనలకి ముడిపెట్టాం. "చివరి కుటుంబం మెట్లెక్కి చెప్పులు విప్పాకే రొయ్యలు మూకుట్లో పడాలి." అప్పటిదాకా వచ్చినవాళ్లకి నిమ్మరసం, వేయించిన పల్లీలు. ఇండక్షన్ స్టవ్వు వెనక్కి ఇచ్చేశారు. దానికి బదులు ఏడున్నర తర్వాత రెండు పొయ్యిల్లో ఒకటి ఖాళీగా ఉంచాలని నియమం పెట్టాను. ఉన్నవే రెండయితే ఒకటి ఖాళీ ఏంటని ఆయన అడిగాడు. ఏదో ఒకటి తప్పుతుంది, అదేదో ఇప్పుడు తెలియదు, తప్పినప్పుడు దాన్ని పెట్టడానికి చోటుండాలి అన్నాను. చిన్న బర్నర్ మీద పులుసు నెమ్మదిగా అంచులంటా మరిగి దిగిపోతుంది, గరిటె పెట్టకుండా గుడ్డతో గిన్నె పట్టుకుని తిప్పడమే. అది దిగాక పెద్ద బర్నర్ మీద రొయ్యలు. అంతే.

అన్నానికి లెక్క: పెద్దవాళ్లు పదకొండు మంది, తలా 120 గ్రాముల బియ్యం. పిల్లలు ముగ్గురు, తలా 60. మొత్తం కిలోన్నర. వాళ్ల కుక్కర్లో పొడిపొడిగా రావాలంటే కిలో లోపే పెట్టాలి. ఏడింటికి తొమ్మిదొందల గ్రాములు వండి హాట్‌బాక్స్‌లోకి, మూత కింద పొడి గుడ్డ వేసి. ఎనిమిదింటికి మిగతా ఆరొందలు. బియ్యం పాత బీపీటీ (సాంబమసూరి). నెల్లూరు పాత రకం మొలగొలుకులైతే పులుసుకి ఇంకో లోకం, కానీ ఇప్పుడు వాటికోసం తిరిగే ఓపిక ఎవరికుంది.

బఫే పెడితే తేలికని నేనే మొదట అనుకున్నాను. తర్వాత నవ్వొచ్చింది. ఒక చేత్తో ప్లేటు పట్టుకుని నిలబడి, ఇంకో చేత్తో చేప ముల్లు ఎలా తీస్తారు? పులుసు నిలబడి తినేది కాదు. అందుకని రెండు బంతులు. మొదటిదానిలో ముగ్గురు శాకాహారులు, ఒక పెద్దావిడ టేబుల్ దగ్గర, పిల్లలు చాప మీద. ఆ బంతి వడ్డన మొత్తం ఆయనదే. ఆమె వంటగది గుమ్మం దాటి గరిటె పట్టుకోకూడదు. రెండో బంతిలో ఆమెతో సహా ఏడుగురు. గిన్నెలన్నీ టేబుల్ మధ్యలో పెట్టేసి ఎవరికి కావాల్సింది వాళ్లు వేసుకోవడం, ఇద్దరూ కూర్చోవడం. గుండ్రంగా కోసిన అరిటాకు స్టీలు పళ్లెంలో వేయమన్నాను. పులుసు ఒట్టి ఆకు మీద నిలవదు, ఒట్టి పళ్లెమైతే పద్నాలుగు కడగాలి.

శాకాహారుల గురించి ఒకటి. వాళ్లు ఏమీ అడగరు, కానీ అన్నీ చూస్తుంటారు. వంకాయ మసాలా మిక్సీలో ముందు పట్టి, ఆ తర్వాతే చేపల మసాలా. గరిటెలు వేరు. ఇదంతా చేసి ఊరుకుంటే వాళ్లకి తెలియదు కదా. "మీ మసాలా ముందు పట్టి, వేరే గిన్నెల్లో వండుతాం" అని ఆయన ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి. ఈ ఫోన్ చేయడానికి ఆయన మొహమాటపడ్డాడు. చేశాక ఆ శాకాహారుల్లో ఒక పెద్దాయన చాలాసేపు ఆప్యాయంగా మాట్లాడాడట.

ఫ్రిజ్‌లో పులుసు గిన్నె పట్టడానికి ఒక అర తీసేశారు. పెరుగు పై ఇంటివాళ్ల ఫ్రిజ్‌లో. ఆ ఎండకి పాలు నాలుగైదు గంటల్లో తోడుకుంటాయి, పొద్దున్నే తోడు వేస్తే రాత్రికి నోట్లో పెట్టలేం. పన్నెండింటికి వేసి ఐదింటికి చల్లని చోటికి పంపమన్నాను.

ఆ ఆదివారం

నేను వెళ్లలేదు. రమ్మన్నారు. నేనుంటే ఆమె ప్రతిదానికీ నా మొహం చూస్తుందని వద్దన్నాను. ఫోన్ మాత్రం పక్కనే పెట్టుకున్నాను.

ఎనిమిదీ పదికి మోగింది. "అక్కా, ఒక ఫ్యామిలీ వాళ్లు ఊరినుంచి వచ్చిన పిల్లలిద్దర్ని వెంటబెట్టుకొచ్చారు. కాలేజీ పిల్లలు. కుక్కర్ ఆల్రెడీ ఆన్ చేసేశాను, అన్నం చాలదు." గొంతులో టెన్షన్ ఉంది గానీ, ఏడుపు లేదు.

"పొయ్యి ఖాళీగా ఉందా?"

ఒక్క క్షణం ఆగి, "ఉంది" అంది. "సరే అక్కా, పెట్టేస్తా." ఫోన్ పెట్టేసింది. మూడొందల గ్రాముల బియ్యం, చిన్న గిన్నె, ఇరవై నిమిషాలు. ఆ కాలేజీ పిల్లలు మొదటి బంతిలో చాప మీద కూర్చున్నారట. ముక్కలు ఇరవై మూడు కాబట్టి పులుసుకి ఢోకా లేదు, చివరికి రెండు మిగిలాయి కూడా.

మొదటి బంతి ఎనిమిదిన్నరకి, రెండోది తొమ్మిదింపావుకి. వంకాయలో ఉప్పు కాస్త తక్కువైంది. ఆయన పప్పు వడ్డిస్తూ పెద్దాయన చొక్కా మీద రెండు చుక్కలు పోశాడు. చేతులు కడుక్కోవడానికి ఒక్కటే బేసిన్ కావడంతో బంతికీ బంతికీ మధ్య గుమ్మంలో క్యూ కట్టారు. బాల్కనీలో ఒక బకెట్టు, చెంబు పెట్టమని చెప్పడం నేను మర్చిపోయాను. ఇప్పుడు అందరికీ చెప్తున్నాను.

ఆమె తొమ్మిదిన్నరకి కూర్చుని వేడన్నంలో పులుసు కలుపుకుని తింది. పక్కన కూర్చున్నది, ఆ శనివారం "బయటి నుంచి తెప్పించాల్సింది" అన్నావిడే. మామిడికాయ ముక్క ఎప్పుడు వేశావని అడిగిందట. చేప ముక్కలు వేశాక, ఒక ఉడుకు వచ్చాక అని చెప్పిందట.

ఈ కేసు తర్వాత నా పద్ధతి కొంత మారింది. భార్యాభర్తలు ఇద్దరూ రాకపోతే కూర్చోను. మొదటి ప్రశ్న మెనూ కాదు, ఏ వారం అని, పిలిచేవాళ్లలో ఎవరు ఏ రోజు నీసు మానేస్తారో తెలుసా అని. స్టవ్వు ఫొటో, ప్లగ్గుల ఫొటో పంపమంటాను, కొందరు వింతగా చూస్తారు. నిమిషాల కాగితం మానేశాను. ట్రయల్ మాత్రం ఎవరికీ వదిలిపెట్టను. ఇంట్లోవాళ్ల ముందు మాడితే తిట్టుకుంటారు, మళ్లీ తింటారు.

ఇంకా నాకు తేలనిది ఒకటుంది. బిర్యానీ వద్దన్నందుకు ఆమె నన్ను పూర్తిగా క్షమించిందా అని. ఆ విందులో ఎవరూ బిర్యానీ అడగలేదు. కానీ అందరి ముందూ మూత తీసినప్పుడు ఆవిరితో వచ్చే ఆ వాసన, ఆ హడావుడి, అది ఆమెకి కావాలి. తప్పేం కాదు. మూడు బర్నర్ల స్టవ్వు కొనుక్కున్నాక చేయమన్నాను.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఫోన్ చేసింది. "అక్కా, ఆదివారం ఎనిమిది మంది వస్తున్నారు. గారెలు వేస్తున్నా. వద్దనమాకండి."

"వద్దనడం లేదు. మూకుడు దగ్గర ఎవరుంటారు?"

"ఆయన" అంది. వెనక నుంచి ఆయన గొంతు వినబడింది, పిండి ఇంకొంచెం గట్టిగా రుబ్బాలా అని.